అమానత్‌ను దాచుకున్న ఫ్లాపీ
పాత ఫైళ్లు ఎందుకు మూగబోతాయి? వాటిని మళ్లీ పలికించడం ఎలా?

మా ఖాలూజాన్ గుంటూరులో ముప్ఫై ఏళ్లకు పైగా కాగితాల దుకాణం నడిపారు. పెండ్లి పత్రికలు, రసీదు పుస్తకాలు, బడిపిల్లల నోటు పుస్తకాలు ఆయన వ్యాపారం. అయితే ఆ వీధివారికి ఆయన కేవలం దుకాణదారు కాదు, నమ్మకస్తుడు. కూతురి పెండ్లి కోసం పైసా పైసా కూడబెట్టిన తల్లులు, గల్ఫ్ నుండి కొడుకు పంపిన సొమ్మును ఇంట్లో ఉంచుకోవడానికి భయపడిన వృద్ధులు ఆయన వద్ద డబ్బు దాచుకునేవారు. అందులో ఒక్క రూపాయి కూడా ఆయన తన వ్యాపారానికి వాడుకున్నది లేదు. అడిగిన నాడు అడిగినంతా లెక్క చెప్పి అప్పగించేవారు.

ఆయన కన్నుమూసిన తరువాత కుమారులు ఆస్తి పంపకం గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. షరీఅత్‌లో దీనికి ఒక క్రమం ఉన్నదని మన పాఠకులకు తెలుసు. మొదట అంత్యక్రియల ఖర్చు, తరువాత అప్పులు, ఆ పిమ్మట మూడవ వంతుకు మించని వసీయత్, మిగిలిన దానిలోనే వారసుల వాటాలు. ఇక అమానత్‌గా ఉంచిన సొమ్ము అసలు మృతుని ఆస్తే కాదు. దానిని ముందుగానే వేరుచేసి హక్కుదారులకు చేర్చాలి. మరి ఎవరి సొమ్ము ఎంత ఉన్నది? ఖాలూజాన్ చిట్టా పుస్తకాలు అటక మీద చెదలు తిని పొడిగా మారాయి. సరిగ్గా అప్పుడే ఆ వీధిలోని ఒక వృద్ధురాలు వచ్చి, తాను ఎన్నో ఏళ్ల క్రితం పన్నెండు వేల రూపాయలు దాచుకున్నాననీ, అందులో కొంత తీసుకున్న గుర్తు ఉన్నదనీ, ఎంత తీసుకున్నదీ జ్ఞాపకం లేదనీ చెప్పింది.

ఖాలాజాన్ తన గాజుల పెట్టె అడుగు నుండి ఒక నల్లని ఫ్లాపీ తీసి నా చేతిలో పెట్టింది. దాని మీద ఖాలూజాన్ చేతివ్రాతలో 'హిసాబ్' అని ఉన్నది. "బేటా, మీ ఖాలూ రోజూ ఇషా నమాజు తరువాత కంప్యూటరు ముందు కూర్చుని ఇందులోనే లెక్కలు వ్రాసుకునేవారు. దీనిని పోగొట్టవద్దని ఎన్నోసార్లు చెప్పారు. ఇది తెరిచి చూడు" అన్నది.

తెరిచి చూడడం! ఎంత చిన్న మాట! అది ఎంత పెద్ద పని అయినదో, ఆ పనిలో నేను ఏమేమి నేర్చుకున్నానో పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఎందుకంటే ఇటువంటి ఫ్లాపీ, ఇటువంటి సీడీ, ఇటువంటి పాత కంప్యూటరు ఈనాడు అనేక ఇళ్లలో ఏదో ఒక మూలన పడి ఉన్నది.

కాగితం ఉన్నది, సిరా ఉన్నది, చదివేవాడు లేడు

మొదటి అడ్డంకి ఫ్లాపీయే. మూడున్నర అంగుళాల ఆ పలకలో పట్టేది కేవలం 1.44 మెగాబైట్లు. ఈనాటి ఫోనుతో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టకపోవచ్చు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో దానిని పెట్టే అర ఉండదు. సోనీ సంస్థ 2011 మార్చిలో జపానులో ఫ్లాపీల అమ్మకాన్నే నిలిపివేసింది. అదృష్టవశాత్తూ యూఎస్‌బీ తీగతో తగిలించే ఫ్లాపీ డ్రైవు పాత కంప్యూటరు విడిభాగాల దుకాణంలో దొరికింది.

ఫ్లాపీని లోపల పెట్టే ముందు దాని మూలన ఉన్న చిన్న మీటను జరిపి, రంధ్రం తెరుచుకునేలా చేశాను. అలా చేస్తే కంప్యూటరు దానిని చదవగలదే తప్ప, దాని మీద ఏమీ వ్రాయలేదు. ఫైళ్లన్నింటినీ ల్యాప్‌టాప్‌లోకి నకలు తీసి, ఫ్లాపీని తిరిగి ఖాలాజాన్‌కు అప్పగించాను. ఆ తరువాతి ప్రయత్నాలన్నీ నకలు మీదనే. ఈ పనిలో మొట్టమొదటి నియమం ఇదే: అసలు ప్రతిని ముట్టుకోవద్దు.

ఫ్లాపీలో ఉన్న ముఖ్యమైన ఫైలు పేరు 'అమానత్'. చుక్క తరువాత 'డబ్ల్యూకే1' అన్న తోక. దానిని తెరవబోతే, దేనితో తెరవాలో తనకు తెలియదని కంప్యూటరు చెప్పింది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చతురస్రాలు, వింత గుర్తులు, వాటి మధ్య అక్కడక్కడా ఆంగ్లాక్షరాలలో మనుషుల పేర్లు కనిపించాయి. ఆ వృద్ధురాలి పేరు కూడా ఉన్నది. కానీ సొమ్ము ఎంతో తెలిపే అంకెలు ఎక్కడా లేవు.

ఎందుకిలా జరుగుతుంది? కంప్యూటరు ఫైలు అంటే, ఎంత పెద్దదైనా, 0 నుండి 255 వరకు గల అంకెల వరుస మాత్రమే. ఒక్కొక్క అంకెను బైటు అంటారు. ఆ అంకెకు స్వతహాగా అర్థం లేదు. 65 అనే బైటు ఒక ఫైలులో ఆంగ్లంలోని 'ఏ' అనే పెద్ద అక్షరం కావచ్చు. మరొక ఫైలులో అరవై అయిదు రూపాయలు కావచ్చు. ఒక చిత్రంలో ఒక చుక్క వెలుగు కావచ్చు. ఏ చోట ఉన్న అంకెను ఏ విధంగా అర్థం చేసుకోవాలో తెలిపే ఒప్పందాన్నే ఫైలు ఫార్మాట్ అంటారు.

నిజాం కాలం నాటి భూమి దస్తావేజులను చూసినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. పారసీ భాషలో, షికస్తా అనే గొలుసుకట్టు లిపిలో వ్రాసిన పత్రం మన ముందే ఉంటుంది. కాగితం చెక్కుచెదరదు, సిరా వెలిసిపోదు. కానీ ఆ లిపి చదవగల పెద్దమనిషి దొరకనంత వరకు అది మూగ పత్రమే. పాత ఫైలు పరిస్థితి కూడా అంతే.

తోకను కాదు, తలను చూడాలి

ఫైలు పేరు చివర ఉండే తోక మనకు మొదటి ఆధారం. కానీ దానిని పూర్తిగా నమ్మరాదు. పేరును ఎవరైనా మార్చవచ్చు, తోక ఊడిపోయి ఉండవచ్చు, వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఒకే తోకను వాడి ఉండవచ్చు. అంతకంటే నమ్మదగిన సాక్ష్యం ఫైలు మొదట్లోనే ఉంటుంది. చాలా ఫార్మాట్లు తొలి కొద్ది బైట్లలో తమ గుర్తింపు ముద్ర వేసుకుంటాయి. దీనిని నిపుణులు మ్యాజిక్ నంబర్ అంటారు. ఇందులో మంత్రతంత్రాలేమీ లేవు. దుకాణం పేరును బోర్డు మీద వ్రాసుకున్నట్లే ఇది.

ఉదాహరణకు, పీడీఎఫ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొట్టమొదట శాతం గుర్తు, దాని వెంట ఆంగ్లంలో పీడీఎఫ్ అన్న మూడు అక్షరాలు కనిపిస్తాయి. జిప్ ఫైలు 'పీకే' అన్న రెండు అక్షరాలతో మొదలవుతుంది. అవి ఆ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. ఈనాటి వర్డ్ ఫైలు కూడా 'పీకే' తోనే మొదలవుతుంది. దాని లోపల ఉన్నది అనేక చిన్న ఫైళ్లను మూటగట్టిన జిప్ సంచి కనుక. 1997 నుండి 2003 వరకు వచ్చిన వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు మాత్రం 'డీ0 సీఎఫ్ 11 ఈ0' అనే బైట్లతో మొదలవుతాయి. పదహారు గుర్తుల హెక్స్ పద్ధతిలో వ్రాసిన ఆ వరుసను ఆంగ్లంలో చూస్తే 'డాక్‌ఫైల్' అన్న మాటను తలపిస్తుంది.

బైట్లను ఇలా అంకెలుగా చూపే హెక్స్ వ్యూయర్లు ఉచితంగా దొరుకుతాయి. ఇంకా సులభ మార్గం కావాలనుకునేవారికి బ్రిటన్ జాతీయ పురాలేఖన సంస్థ ప్రోనామ్ అనే పేరుతో ఫార్మాట్ల పట్టికను నిర్వహిస్తున్నది. ఆ పట్టిక ఆధారంగా ఫైళ్లను గుర్తించే డ్రాయిడ్ అనే సాధనాన్ని కూడా అదే సంస్థ ఉచితంగా అందిస్తున్నది.

నా ముందున్న ఫైలు తల '00 00 02 00 06 04' అని చెప్పింది. అది లోటస్ 1-2-3 అనే లెక్కల సాఫ్ట్‌వేర్ రెండవ తరం ఫైలుకు ముద్ర. తోక చెప్పినదీ, తల చెప్పినదీ ఒక్కటే అయినవి. ఇక సందేహం లేదు.

ఒకనాటి మహారాజు

లోటస్ 1-2-3 పేరు ఈ తరం వారు విని ఉండకపోవచ్చు. 1983 జనవరిలో విడుదలైన ఆ సాఫ్ట్‌వేర్ ఆనాటి వ్యాపార లోకాన్ని ఏలింది. కేవలం దాని కోసమే ఐబీఎం పీసీ కొన్నవారు ఎందరో. తరువాత విండోస్ వచ్చింది, ఎక్సెల్ వచ్చింది, లోటస్ వెనుకబడింది. 2007 నాటి ఎక్సెల్ నుండి లోటస్ ఫైళ్లను తెరిచే సౌకర్యాన్నే తొలగించారు. 2014 సెప్టెంబరుతో ఐబీఎం కూడా ఆ సాఫ్ట్‌వేర్‌కు తన సేవలను ముగించింది. ముప్ఫై ఒక్క సంవత్సరాలలో ఒక సామ్రాజ్యం లేచి కూలిపోయింది. దానితోపాటు కోట్లాది లెక్కల పట్టికలు చదివే దిక్కు లేక మిగిలాయి.

ఫార్మాట్లు మూలన పడడానికి ప్రధానంగా నాలుగు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, తయారుచేసిన సంస్థ మూతపడడం లేదా చేతులు మారడం. రెండవది, ఫార్మాట్ వివరాలను రహస్యంగా ఉంచడం. మైక్రోసాఫ్ట్ సంస్థ తన పాత వర్డ్, ఎక్సెల్ ఫార్మాట్ల పూర్తి వివరాలను అందరికీ అందుబాటులో ఉంచినది 2008లో మాత్రమే. మూడవది, భద్రత. పాత ఫైళ్లను చదివే పాత ప్రోగ్రాముల లోపాలను దుండగులు ఆయుధంగా వాడుకుంటారన్న భయంతో 2007లో ఆఫీస్ 2003 యొక్క ఒక సవరణ అనేక పాత ఫార్మాట్లను తెరవకుండా ఆపివేసింది. నాలుగవది, ఫ్లాపీ వంటి సాధనాలే కనుమరుగు కావడం.

ఇది పేదవారి ఇళ్ల సమస్య మాత్రమే అనుకోరాదు. 1086లో ఇంగ్లాండు రాజు తన రాజ్యంలోని భూములన్నింటినీ లెక్క కట్టించి డూమ్స్‌డే గ్రంథంగా వ్రాయించాడు. దానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ సంస్థ కొత్త డూమ్స్‌డేను రూపొందించింది. సుమారు పది లక్షల మంది, వారిలో ఎక్కువమంది బడిపిల్లలు, తమ ఊళ్ల గురించి వ్రాసి పంపారు. ఆ సమాచారాన్నంతటినీ ప్రత్యేకమైన లేజర్‌డిస్కులలో ఉంచారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలే అరుదైపోయాయి. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2002 నాటికి పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి ఆ సమాచారాన్ని కాపాడవలసి వచ్చింది. 1086 నాటి చర్మపత్రాల గ్రంథం మాత్రం నేటికీ చదవడానికి వీలుగానే ఉన్నది!

ఇంటర్నెట్ నిర్మాతలలో ఒకరైన వింట్ సెర్ఫ్ 2015లో ఇదే విషయమై ప్రపంచాన్ని హెచ్చరించారు. మన కాలపు పత్రాలు భావితరాలకు అందకుండాపోయే డిజిటల్ చీకటి యుగం రావచ్చునని ఆయన ఆందోళన.

తెరవడానికి మూడు దారులు

ఫైలును గుర్తించిన తరువాత దానిని తెరవడానికి మూడు మార్గాలున్నాయి.

మొదటి మార్గం, పాత ఫార్మాట్‌ను ఎరిగిన కొత్త ప్రోగ్రామును వాడడం. లిబ్రే ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ విషయంలో సామాన్య కుటుంబాలకు గొప్ప సహాయకారి. లోటస్ పట్టికలను, వర్డ్‌పర్ఫెక్ట్ పత్రాలను, మైక్రోసాఫ్ట్ వర్క్స్ ఫైళ్లను, డీబేస్, ఫాక్స్‌ప్రో కాలం నాటి పట్టికలను అది చదవగలదు. పాత ఫార్మాట్లను విడదీసి అర్థం చేసుకోవడానికే డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్ట్ పేరిట 2014లో కొందరు స్వచ్ఛందంగా పని ఆరంభించారు. వారి శ్రమ ఫలాలు ఈ సాఫ్ట్‌వేర్‌లో చేరాయి.

రెండవ మార్గం, పాత యంత్రాన్నే కొత్త యంత్రం లోపల నిలబెట్టడం. దీనిని ఎమ్యులేషన్ అంటారు. డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము ఈనాటి ల్యాప్‌టాప్ తెర మీద ఆనాటి డాస్ కంప్యూటరును సృష్టిస్తుంది. పాత సాఫ్ట్‌వేర్ ప్రతి మన వద్ద ఉంటే, అందులో నడిపి, ఫైలును ఆనాడు కనిపించినట్లే చూడవచ్చు.

మూడవ మార్గం, రూపురేఖలను వదలి అక్షరాలను మాత్రమే ఏరుకోవడం. ఉదాహరణకు 1978లో వచ్చిన వర్డ్‌స్టార్ తన పత్రాలలో చాలా పదాల చివరి అక్షరానికి లోపల ఒక అదనపు గుర్తు తగిలించేది. అందువలన నోట్‌ప్యాడ్‌లో ప్రతి పదం చివరి అక్షరమూ చెడిపోయినట్లు కనిపిస్తుంది. నిజానికి ఏదీ చెడలేదు. ఆ గుర్తుకు గల 128 విలువను తీసివేస్తే అక్షరం యథాతథంగా బయటపడుతుంది. రహస్యం తెలిస్తే తాళం తెరుచుకుంటుంది.

ముప్ఫై అయిదు వేల భయం

ఖాలూజాన్ ఫైలు విషయంలో మేము మొదట తొందరపడ్డాము. లిబ్రే ఆఫీస్ సంగతి నాకు తట్టకముందే, ఆయన చిన్న కుమారుడు ఆ ఫైలును ఇంటర్నెట్‌లో ఎవరో నడిపే ఉచిత మార్పిడి సేవకు పంపించాడు. కొద్ది క్షణాలలో పట్టిక వచ్చింది. వృద్ధురాలి పేరు ఎదుట మూడు అంకెలు: 35810, 12000, 5000. ఆ పక్కన ఖాళీ.

ఇంట్లో నిశ్శబ్దం అలుముకున్నది. పన్నెండు వేలని ఆమె చెబుతున్నది. మరి ఈ ముప్ఫై అయిదు వేల ఎనిమిది వందల పది రూపాయలు ఏమిటి? ఆమె మరిచిపోయిందా? మొత్తం ఎంత ఇవ్వాలి? ప్రతి పేరు ఎదుటా ముప్ఫై అయిదు వేలు, ముప్ఫై ఆరు వేలు అని అంకెలున్నాయి. అన్నీ కూడితే దుకాణం అమ్మినా తీరని మొత్తం. పెద్ద కుమారుడు తల పట్టుకుని, "ఇల్లు అమ్మి అయినా సరే, అబ్బాజాన్ మీద బరువు ఉంచకూడదు" అన్నాడు. ఆ మాటకు నా కళ్లు చెమర్చాయి. కానీ ఆ అంకెలు నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒక చిన్న దుకాణదారు వద్ద పదిహేను మంది దాచిన సొమ్ము అంత ఒకే తీరుగా ఎలా ఉంటుంది?

అసలు ఫైలు నకలును లిబ్రే ఆఫీస్‌లో తెరిచాను. మొదటి నిలువు వరుసను తేదీ రూపంలోకి మార్చగానే విషయం తేటతెల్లమైనది. లోటస్ తేదీలను తేదీలుగా దాచదు. 1900 జనవరి 1ని ఒకటవ రోజుగా పెట్టుకుని, అక్కడి నుండి రోజులను లెక్కిస్తూ పోతుంది. ఆ లెక్కలో 36526 అంటే 2000 జనవరి 1. మరి 35810 అంటే 1998 జనవరి 15. అది రూపాయలు కాదు, సొమ్ము అందుకున్న తేదీ!

ఈ లెక్కలో ఒక చిత్రమైన పొరపాటు కూడా ఉన్నది. నిజానికి 1900 లీపు సంవత్సరం కాదు. లోటస్ మాత్రం దానిని లీపు సంవత్సరంగా భావించి, లేని ఫిబ్రవరి 29ని లెక్కలో చేర్చింది. తరువాత వచ్చిన ఎక్సెల్, లోటస్ పట్టికలతో పొందిక చెడకూడదని అదే పొరపాటును తానూ పాటించింది. పాత ఫార్మాట్‌ను అర్థం చేసుకోవడమంటే దాని నియమాలతోపాటు దాని తప్పులను కూడా తెలుసుకోవడం.

మార్పిడి సేవ ఇచ్చిన పట్టికలో ఖాళీగా కనిపించిన నాలుగవ గడిలో నిజానికి ఒక సూత్రం ఉన్నది: ఇచ్చినది నుండి తీసుకున్నది తీసివేయగా మిగిలినది. లోటస్ ఫైలు సూత్రాన్నీ, చివరిసారి లెక్కించిన ఫలితాన్నీ రెండింటినీ దాచుకుంటుంది. ఆ ఫలితం 7000.

మేము వృద్ధురాలిని పిలిపించి తేదీ చెప్పాము. "ఔను, రంజాన్ నెలలోనే ఇచ్చాను. ఆ రోజు ఉపవాసంతోనే దుకాణానికి వెళ్లాను" అన్నది. 1998 జనవరి 15 నిజంగానే రంజాన్ మాసంలోని రోజు. ఆ ఏడు ఈదుల్ ఫితర్ జనవరి నెలాఖరున వచ్చింది. అయిదు వేలు తీసుకున్న సంగతి అడిగితే కొంతసేపు ఆలోచించి, "మా అమ్మాయి కాన్పు ఖర్చుకు తీసుకున్నాను. మీరు చెబితే గుర్తుకు వచ్చింది" అన్నది. ఫైలు చెప్పినదీ, మనిషి చెప్పినదీ ఒక్కటే అయినవి.

ఇక్కడ రెండు గుణపాఠాలున్నాయి. ఒకటి, ఫైలు తెరుచుకున్నంత మాత్రాన అది సరిగా తెరుచుకున్నట్లు కాదు. అసలే తెరుచుకోని ఫైలు కంటే తప్పుగా తెరుచుకున్న ఫైలు ప్రమాదకరం. ఎందుకంటే మొదటిది మనకు తెలియదని చెబుతుంది, రెండవది తెలిసినట్లు భ్రమింపజేస్తుంది. తెలిసిన ఒక సంగతితో సరిపోల్చి చూసుకోనిదే దేనినీ రూఢి చేసుకోరాదు. రెండవది మాకు సిగ్గు కలిగించిన సంగతి. పదిహేను కుటుంబాల రహస్య లెక్కలను ముఖమెరుగని వారి యంత్రంలోకి మా చేతులతోనే పంపించాము. అమానత్ అంటే సొమ్ము మాత్రమే కాదు, దాని గురించిన సమాచారం కూడా. ఆ రోజు నుండి ఆ ఇంట్లో ఎవరూ అటువంటి సేవల జోలికి వెళ్లలేదు.

మన తెలుగు, మన ఉర్దూ ఫైళ్ల సంగతి

అదే ఫ్లాపీలో 'పీ65' తోక గల మరొక ఫైలు ఉన్నది. ఖాలూజాన్ తన తల్లి జీవితం గురించి తెలుగులో వ్రాసి, పేజ్‌మేకర్‌లో కూర్పు చేసిన చిన్న పుస్తకమది. అచ్చుకు నోచుకోలేదు.

పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన సాఫ్ట్‌వేర్. 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి రూపం. తెలుగు పత్రికలు, పుస్తకాలు, కరపత్రాలు దశాబ్దాల పాటు దానిలోనే రూపుదిద్దుకున్నాయి. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ కొంతకాలం పేజ్‌మేకర్ ఫైళ్లను స్వీకరించింది. సీఎస్6 తరువాతి రూపాలలో ఆ సౌకర్యం లేదు. లిబ్రే ఆఫీస్ వాటిని తెరవడానికి ప్రయత్నిస్తుంది. నేను తెరిచినప్పుడు పుటలు వచ్చాయి, పేరాలు వచ్చాయి. కానీ తెలుగుకు బదులు అర్థం లేని ఆంగ్లాక్షరాలు, గుర్తులు బారులు తీరాయి.

ఇది మరొక రకమైన తాళం. ఫార్మాట్ తెరుచుకున్నది, లిపి తెరుచుకోలేదు. అను, శ్రీలిపి వంటి ఆనాటి తెలుగు ఫాంట్లు ఆంగ్లాక్షరాల స్థానాలలోనే తెలుగు అక్షరాల ముక్కలను కూర్చేవి. ఒక చోట అక్షరం ఒడలు, మరొక చోట తలకట్టు, ఇంకొక చోట గుడి, కొమ్ము, ఒత్తు. కంప్యూటరు దృష్టిలో అది ఎప్పటికీ ఆంగ్లమే. ఫాంటు అనే ముసుగు వేస్తేనే మన కంటికి తెలుగు. ఒక్కొక్క సంస్థ అమరిక ఒక్కొక్క విధం. కాబట్టి ఒక ఫాంటుతో వ్రాసినది మరొక ఫాంటులో పిచ్చిగీతలుగా మారేది.

యూనికోడ్ ఈ గందరగోళాన్ని తొలగించింది. 1991లో వెలువడిన తొలి రూపంలోనే తెలుగుకు ప్రత్యేక స్థానం లభించింది. అందులో 'క' అక్షరానికి 0సీ15 అనే సంఖ్య ఎక్కడైనా, ఏ ఫాంటులోనైనా ఒక్కటే. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చిన తరువాత మామూలు ఇళ్లలోనూ యూనికోడ్ తెలుగు సాధ్యమైనది. పాత ఫాంట్ల అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్ పుటలను అలా మార్చి చూపిన 'పద్మ' అనే సాధనం ఎందరికో ఉపయోగపడింది. ఏ ఫాంటుతో కూర్చినదో తెలిస్తేనే సరైన మార్పిడి జరుగుతుంది. కనుక పాత కంప్యూటరును పారవేసే ముందు దానిలోని ఫాంట్ల సంచికను కూడా నకలు తీసుకోవాలి. మార్చిన తరువాత ఒత్తులు, దీర్ఘాలు తారుమారు కాకుండా ఒకసారి కంటితో చదివి దిద్దుకోవడం తప్పనిసరి.

ఉర్దూ ఫైళ్లున్న ఇళ్లలో సమస్య ఇంకొంచెం వేరు. నస్తాలీఖ్ లిపిలోని వంపుసొంపులు యంత్రానికి లొంగడమే కష్టం. మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర సముదాయాలను చేతితో వ్రాసి రూపొందించిన నూరీ నస్తాలీఖ్ 1981లో వెలుగు చూసింది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ దానిని సామాన్య కంప్యూటర్లకు తెచ్చింది. ఇన్‌పేజ్ పాత ఫైళ్లు కూడా యూనికోడ్ కావు. అయితే దానిలోనే తెరిచి యూనికోడ్‌గా మార్చుకునే వీలు తరువాతి రూపాలలో కలిగింది. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇన్‌పేజ్ ఫైళ్ల ముసుగులో హానికర ప్రోగ్రాములను పంపుతున్న వైనాన్ని 2016లో కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టింది. ఎవరో పంపిన పాత ఫైలును, అది ఎంత పవిత్రమైన విషయం గురించినదైనా సరే, వైరస్ పరీక్ష చేయనిదే తెరవరాదు.

ప్రతి ఇంట్లోనూ చేయదగిన పని

ఈ అనుభవం తరువాత మా బంధువర్గంలో మేము కొన్ని నియమాలు పెట్టుకున్నాము. పాఠకులకు కూడా ఉపకరిస్తాయని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

1. ఇంట్లోని ఫ్లాపీలు, సీడీలు, పాత హార్డ్ డిస్కులను ఒక చోట చేర్చి, దేనిలో ఏమున్నదో కాగితం మీద వ్రాసుకోవాలి. బూజు పట్టిన ఫ్లాపీని మాటిమాటికీ డ్రైవులో పెట్టరాదు. దానితోపాటు డ్రైవు కూడా చెడిపోతుంది.

2. పెద్దలు జీవించి ఉండగానే వారి పక్కన కూర్చుని ఫైళ్లు తెరిపించాలి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ ఫాంటు, ఏ పాస్‌వర్డ్ అన్నది వారికే తెలుసు. ఈ ఒక్క పని చేసి ఉంటే మా శ్రమలో ముప్పాతిక భాగం తప్పేది.

3. అసలు ఫైలును ఎన్నడూ తుడిచివేయరాదు. మార్చిన ప్రతిని దాని పక్కనే ఉంచాలి. నేటి మార్పిడిలో జారిపోయినది రేపటి మెరుగైన సాధనానికి చిక్కవచ్చు.

4. మార్చేటప్పుడు, వివరాలు అందరికీ తెలిసిన ఫార్మాట్లను ఎంచుకోవాలి. మామూలు అక్షరాలకు యూనికోడ్ పాఠం, పట్టికలకు సీఎస్‌వీతోపాటు ఓపెన్‌డాక్యుమెంట్, పుటల రూపం నిలవాలంటే పీడీఎఫ్/ఏ. దీర్ఘకాలం భద్రపరచడానికే రూపొందిన ఈ చివరిది 2005 నుండి అంతర్జాతీయ ప్రమాణంగా ఉన్నది. అందులో ఫాంట్లు కూడా ఫైలు లోపలే ఇమిడి ఉంటాయి.

5. కనీసం రెండు నకళ్లు, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచాలి. అయిదేళ్లకు ఒకసారి తెరిచి చూడాలి.

6. అప్పులు, అమానతులు, వసీయత్ వంటి ఇతరుల హక్కులతో ముడిపడినవి తప్పక కాగితం మీద కూడా వ్రాసి, సాక్షుల ఎరుకలో ఉంచాలి. కంప్యూటరు సహాయకుడే గాని సాక్షి కాదు.

చివరి పేరు

ఖాలూజాన్ పట్టికలో పదిహేను పేర్లున్నాయి. పన్నెండు మంది లెక్క ఆయన చేతుల మీదుగానే సున్నాకు చేరింది. మిగిలినవి మూడు. ఒకటి ఆ వృద్ధురాలిది. ఆమెకు ఏడు వేలూ ముట్టాయి. రెండవది పక్క వీధిలోని దర్జీది. తన సొమ్ము ఇంకా అక్కడ ఉన్నదని అతనికి తెలుసు గాని, మరణించిన మనిషి ఇంటికి వెళ్లి అడగడానికి మొహమాటపడి ఊరుకున్నాడట.

మూడవది 3500 రూపాయలు. ఆ పేరుగల మనిషి ఎన్నడో ఊరు విడిచి వెళ్లాడు. అడగడానికి ఎవరూ రాలేదు. ఆ సొమ్ము సంగతి భూమి మీద ఏ మనిషికీ గుర్తు లేదు. ఒక్క ఫ్లాపీకి తప్ప. ఖాలూజాన్ కుమారులు మస్జిదులో విచారించి, పాత ఇరుగుపొరుగును అడిగి, రెండు నెలలకు అతని కుమార్తె చిరునామా ఒంగోలులో సంపాదించారు. పెద్దవాడు స్వయంగా వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఆమె ఆ కవరు అందుకుని, "మా అబ్బా ఇంత దాచారని మాకు తెలియదు" అని చాలాసేపు మాట్లాడలేకపోయిందట.

ఆ తరువాతనే ఆస్తి పంపకం జరిగింది. యూనికోడ్‌లోకి మార్చిన ఆ చిన్న పుస్తకాన్ని మనవరాలు దిద్దుతున్నది. ఖాలాజాన్ మాత్రం ఫ్లాపీని మళ్లీ గాజుల పెట్టెలోనే దాచుకున్నది. "ఇప్పుడు ఇందులో ఎవరి సొమ్మూ లేదు కదా బేటా?" అని నన్ను ఒకటికి రెండుసార్లు అడిగింది. లేదు ఖాలాజాన్, అన్నాను. అల్‌హమ్దులిల్లాహ్ అని పెట్టె మూసింది.

మీ ఇంటి అలమరలోనూ అటువంటి పెట్టె ఉండవచ్చు. దానిని చదవగల యంత్రాలు, మనుషులు ఇంకా ఉండగానే ఒకసారి తెరిచి చూడండి.